మేడ మీద సుజుకా: అసలు రేస్ సర్క్యూట్‌ని రెండు చెక్క షీట్ల మీదికి దించడం ఎలా

నెల్లూరు నుంచి చెన్నైకి హైవే మీద పోతుంటే, చెన్నై ఇంకా కొంత దూరం ఉందనగా షోలవరం తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉన్న ఊరు. ఒకప్పుడు కార్ల రేసులూ బైకుల రేసులూ అక్కడే జరిగేవి. మా నాన్న కుర్రతనంలో నెల్లూరు నుంచి బస్సెక్కి వెళ్లి చూసొచ్చేవాడట. 1990లో చెన్నై దగ్గరే ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చాక రేసులు అటు మారాయి. ఆ కబుర్లు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి, మేడ మీద గదిలో స్లాట్ కార్లు ఆడే చెక్క ట్రాక్ కడదామనుకున్నప్పుడు ఏదో ఒక గుండ్రటి ఆకారం గీసి సరిపెట్టుకోబుద్ధి కాలేదు. అసలు సర్క్యూట్ పోలిక ఉండాల్సిందే అనుకున్నాను. ఆ పట్టుదలతో మొదటి బోర్డు పాడుచేసి, రెండోది సరిగ్గా చేశాను. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండో బోర్డు సంగతి.

స్లాట్ కారు తెలియనివారికి రెండు ముక్కలు. ట్రాక్‌లో సన్నటి గాడి ఉంటుంది. కారు ముందు భాగం కింద ఉండే చిన్న రెక్క, అంటే గైడ్, ఆ గాడిలో దిగుతుంది. గాడికి అటూ ఇటూ ఉన్న రాగి పట్టీల నుంచి కరెంటు కారు మోటారుకి అందుతుంది. చేతిలోని కంట్రోలర్ నొక్కితే వేగం, వదిలితే బ్రేక్. స్టీరింగ్ ఉండదు. మలుపులో ఎక్కువ నొక్కితే కారు గాడిలోంచి లేచి పల్టీ కొడుతుంది. ఆటంతా ఆ బొటనవేలిలోనో చూపుడువేలిలోనో ఉంటుంది. ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన ఇంగ్లండులో 1957లో స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో తెచ్చినప్పటి నుంచి సూత్రం దాదాపు ఇదే. ఇళ్లలో ఎక్కువగా ఆడేది 1/32 స్కేలు, అంటే అసలు కారులో 32వ వంతు.

కాపీ కొడితే కుదరదు

నా మొదటి తప్పు లెక్క చూసుకోకపోవడం. మీరు ముందే చూసుకోండి. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 3.717 కిలోమీటర్లు. 32తో భాగిస్తే 116 మీటర్లు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ‘ఫార్ములా ఈ’ రేసు జరిగిన హైదరాబాద్ వీధి సర్క్యూట్ 2.835 కిలోమీటర్లే, అయినా 88 మీటర్లకు పైనే వస్తుంది. 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు ఫార్ములా వన్ జరిగిన గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్ అయితే 160 మీటర్లు. మేడ మీద గదిలో కాదు, మా వీధి మొత్తం పరిచినా చాలదు.

సరే, కొలతలన్నీ ఒకే పాళ్లలో కుదిద్దాం అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. మ్యాపుని బోర్డు పొడవైన 16 అడుగులకి కుదిస్తే మలుపులన్నీ జంతికల్లా చుట్టుకుపోయాయి. కారు పొడవు కన్నా మలుపు చిన్నదైంది. కార్లు చిన్నవి కావు కదా, ట్రాక్ ఒక్కటే చిన్నదవుతుంది.

అందుకని కాపీ చేయాల్సింది మ్యాపుని కాదు, మలుపుల వరసని. ఏ మలుపు తర్వాత ఏది వస్తుంది, ఎక్కడ గట్టిగా బ్రేక్ పడుతుంది, ఎక్కడ వేలు తీయకుండా పోవచ్చు, ఎక్కడ కుడి ఎడమల ఊపు వస్తుంది అన్నది పట్టుకుంటే చాలు. చూసినవాడు మ్యాపుని గుర్తుపట్టకపోయినా, ఆడినవాడి చెయ్యి గుర్తుపడుతుంది.

దీనికో పద్ధతి ఉంది. ఆ సర్క్యూట్ మీద కారు లోపలి నుంచి తీసిన ల్యాప్, అంటే ఒక పూర్తి చుట్టు, వీడియో ఒకటి పెట్టుకోండి. మ్యాపు చూడకండి. చూస్తూ కాగితం మీద మాటల్లో రాయండి: ‘పొడవు స్ట్రెయిట్, కుడి, ఇంకా బిగుతు కుడి, ఎడమ కుడి ఎడమ కుడి ఊపు...’ ఇలా. పదిసార్లు చూశాక ఏది లేకపోతే ఆ ట్రాక్ ఆ ట్రాక్ కాదో తెలుస్తుంది. వాటికి టిక్కు పెట్టండి. మిగతావి కొట్టేయండి.

నేను సుజుకాని ఎందుకు ఎంచుకున్నాను

జపాన్‌లోని సుజుకా 1962లో హోండా కంపెనీ తన బళ్లు పరీక్షించుకోవడానికి కట్టించుకున్న ట్రాక్. డిజైన్ జాన్ హ్యూగెన్‌హోల్ట్జ్ అనే డచ్చి ఆయనది. పొడవు 5.807 కిలోమీటర్లు. ఇప్పటి ఫార్ములా వన్ ట్రాకుల్లో ఇంగ్లీషు ఎనిమిది అంకె ఆకారంలో తన మీదుగా తానే బ్రిడ్జి ఎక్కి దాటేది ఇదొక్కటే. స్లాట్ కార్ల వాళ్లకి ఆ ఎనిమిది ఆకారం వరం. ఎందుకో కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఈ లెక్క తెలిస్తే మీరు ఏ ట్రాక్ కట్టినా పనికొస్తుంది.

ఒక్కో కారు పోయే గాడి దారిని లేన్ అంటాం. రెండు లేన్ల మధ్య దూరం 10 సెంటీమీటర్లు అనుకోండి. ట్రాక్ ఎక్కడా తనని తాను దాటకుండా ఒక చుట్టు తిరిగి వస్తే, బయటి లేను లోపలి లేను కన్నా సుమారు 63 సెంటీమీటర్లు ఎక్కువ పొడవుంటుంది. రెండు ఇంటూ పై ఇంటూ 10, అంతే. మధ్యలో ఎన్ని వంకర్లు పెట్టినా ఈ తేడా మారదు. కుడికి తిరిగినప్పుడు పోయింది ఎడమకి తిరిగినప్పుడు వస్తుంది, చివరికి ఒక పూర్తి చుట్టు తేడా మిగిలిపోతుంది. మొదటి బోర్డు మీద నేను మలుపులు మార్చి మార్చి ఈ తేడా పోగొట్టాలని మూడు ఆదివారాలు కూర్చున్నాను. లెక్క తెలిసుంటే మూడు నిమిషాల పని. 13 మీటర్ల ల్యాప్‌లో 63 సెంటీమీటర్లు అంటే చిన్న తేడా కాదు. బయటి లేన్ పడ్డవాడు ఓడిపోయి అలుగుతాడు.

ఎనిమిది ఆకారంలో మాత్రం ఒక సగం కుడివైపు చుట్టు, రెండో సగం ఎడమవైపు చుట్టు. తేడా సున్నా. రెండు లేన్లూ సమానం.

సుజుకా వరస స్థూలంగా ఇదీ: మెయిన్ స్ట్రెయిట్, మొదటి రెండు కుడి మలుపులు, ఎస్ ఆకారపు ఊపు, డన్‌లప్ అనే ఎడమ, డెగ్నర్ అనే రెండు కుడి మలుపులు, బ్రిడ్జి కింద నుంచి హెయిర్‌పిన్ అనే యూ ఆకారపు ఎడమ, కొంచెం దూరం పోయాక స్పూన్ అనే పొడవాటి జంట ఎడమ, తర్వాత వెనక స్ట్రెయిట్‌లో బ్రిడ్జి పైకి, 130ఆర్ అనే వేగపు ఎడమ, చివర ఇదివరకు కాసియో ట్రయాంగిల్ అనే పేరున్న బిగుతు కుడి ఎడమ, మళ్లీ మెయిన్ స్ట్రెయిట్. 130ఆర్‌కి ఆ పేరు మొదట్లో దాని వ్యాసార్థం 130 మీటర్లు కాబట్టి వచ్చింది. 32తో భాగిస్తే 4 మీటర్ల వ్యాసార్థం! నేను 60 సెంటీమీటర్లు ఇచ్చాను. అయినా మిగతా మలుపులన్నీ పాతిక ముప్పై సెంటీమీటర్లే కాబట్టి, చేతికి అదే వేగంగా తోస్తుంది. అసలు సూత్రమంతా అక్కడుంది. నిజం కొలత అక్కర్లేదు, మలుపుల మధ్య తేడా మిగలాలి. డన్‌లప్‌ని తీసేశాను, ఎస్ ఊపులో ఒక వంకర తగ్గించాను. బాధేసింది కానీ తప్పలేదు.

ముగ్గు పిండితో ప్లాను

కాగితం మీద గీసినది నమ్మకండి. మేడ మీద సుద్దముక్కతో 16 అడుగులు, 4 అడుగుల దీర్ఘచతురస్రం గీసి, అందులో ముగ్గు పిండితో ట్రాక్ మొత్తం అసలు సైజులో వేయండి. తప్పయితే చీపురుతో ఊడ్చి మళ్లీ వేయొచ్చు. వంపులు నున్నగా రావాలంటే ఎలక్ట్రికల్ పనికి వాడే సన్న పీవీసీ పైపుని వంచి నేల మీద పెట్టి, దాని పక్కన పిండి పోయండి. పైపు తనంతట తాను వంగిన తీరులోనే మలుపు మెల్లగా మొదలై మెల్లగా ముగుస్తుంది. స్ట్రెయిట్ నుంచి ఒక్కసారిగా బిగుతు వలయంలోకి పోయే గాడి ఉంటే కారు అక్కడ తన్నినట్టు ఎగురుతుంది.

ఈ దశలో మూడు కొలతలు మర్చిపోకూడదు. లేన్ల మధ్య 10 సెంటీమీటర్లు. దుకాణంలో దొరికే ప్లాస్టిక్ ట్రాకుల్లో ఇంకా దగ్గరగా ఉంటాయి కానీ, చెక్క ట్రాక్ మీద కారు తోక ఊపుతుంది, పక్క కారుని కొడుతుంది. గాడి నుంచి ట్రాక్ అంచుకి కనీసం 7.5 సెంటీమీటర్లు, మలుపు బయటివైపు 10. ఇక లోపలి లేన్ వ్యాసార్థం హెయిర్‌పిన్‌లో కూడా 20 సెంటీమీటర్లకు తగ్గొద్దు.

ఇంకొకటి. ముగ్గు వేశాక ట్రాక్ చుట్టూ నిలబడి ప్రతి మలుపుకీ చెయ్యి అందుతుందో లేదో చూడండి. కారు పల్టీ కొట్టేది గోడవైపు మూలలోనే. బోర్డుని గోడకి ఆనించి పెడితే నాలుగడుగుల అవతలికి చెయ్యి చాపలేక, బోర్డు మీద పొట్ట ఆనించి పాకాలి.

చెక్క

మొదటి బోర్డు మామూలు ఎండీఎఫ్‌తో, అంటే చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే బోర్డుతో, చేశాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మేడ గది కిటికీలోంచి జల్లు కొట్టింది. రెండు షీట్లు కలిసేచోట అంచు అప్పడంలా పొంగింది. గాడి వెడల్పు అక్కడ తగ్గిపోయి గైడ్ ఇరుక్కుంది. మా వడ్రంగి మేస్త్రి వచ్చి వేలితో ఒకసారి నొక్కి చూసి, ‘ఇది అట్టముక్కతో సమానం అబ్బయా, మన సముద్రపు గాలికి నిలవదు’ అని తేల్చేశాడు.

ప్లైవుడ్ అనుకుంటే అది నీటికి ఆగుతుంది కానీ గాడి తీసేటప్పుడు పొరల అంచులు పీచులు పీచులుగా లేస్తాయి, లోపల ఖాళీలుంటే గాడి గోడ విరిగిపోతుంది. ఈ రెంటికీ మధ్యస్తంగా ఇప్పుడు మాడ్యులర్ కిచెన్ల వాళ్లు వాడే హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు ఉంది. బరువెక్కువ, తేమకి తట్టుకుంటుంది, గాడి అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. 12 మిల్లీమీటర్ల మందం, 8x4 షీట్లు రెండు. ఒక్కోటి 30 కిలోల దాకా తూగుతుంది కాబట్టి మేడ ఎక్కించడానికి ఇద్దరు కావాలి.

కింద ఒకటిన్నర అంగుళాల చదరపు అల్యూమినియం పైపుతోనో, చెక్క రీపర్లతోనో ఫ్రేము కట్టించండి. రెండు షీట్ల ఫ్రేములు విడివిడిగా ఉండాలి, బోల్టులూ రెక్కల నట్లతో కలవాలి. ఇల్లు మారాల్సి వస్తే మెట్ల మీద 16 అడుగుల బోర్డు దిగదు. అతుకు పడేచోట ట్రాక్ నేరుగా, అతుక్కి లంబంగా దాటేలా ముగ్గు దశలోనే సర్దుకోండి. మలుపు మధ్యలో అతుకు పడితే ఎప్పుడూ అక్కడే గొడవ.

గాడి తీయడం

పనంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. వడ్రంగుల దగ్గర లామినేట్ అంచులు చెక్కే చిన్న ట్రిమ్మర్ ఉంటుంది, అది చాలు. 6 మిల్లీమీటర్ల కాడ ఉన్న 3 మిల్లీమీటర్ల స్ట్రెయిట్ కార్బైడ్ బిట్టు కొనండి, ఒకటి కాదు, మూడు. నాకు రెండు విరిగాయి. గాడి 3 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల లోతు. ఒకేసారి 8 దించితే బిట్టు కాలి నల్లబడుతుంది, లేదా విరుగుతుంది. మూడు దఫాలుగా, దఫాకి మూడేసి మిల్లీమీటర్ల లోపు దించండి.

ముందు షీట్లు రెండూ బోల్టులతో బిగించి, అప్పుడే గాడి తీయాలి. విడివిడిగా తీసి తర్వాత కలిపితే వెంట్రుక వాసి తేడా వచ్చినా గైడ్ తగులుతుంది.

వంపులకి దారి చూపడానికి ఓ పట్టీ కావాలి. సైన్‌బోర్డులు చేసే షాపులో పీవీసీ ఫోమ్ షీటు ముక్కలు ఉంటాయి. 5 మిల్లీమీటర్ల మందం షీటు నుంచి 12 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు పొడవుగా కోయించండి. వాటిని ముగ్గు ప్లాను నుంచి బోర్డు మీదికి ఎక్కించిన గీత ప్రకారం వంచి, స్ట్రెయిట్లలో 10 సెంటీమీటర్లకు, మలుపుల్లో 5 సెంటీమీటర్లకు ఒక చిన్న స్క్రూ వేయండి. ట్రిమ్మర్ అడుగు పలక ఈ పట్టీకి ఆనుకుని నడుస్తుంది. పలక వెడల్పు 90 మిల్లీమీటర్లయితే గాడి పట్టీకి 45 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది, దాన్నిబట్టి పట్టీ ఎక్కడ పెట్టాలో లెక్కేసుకోండి.

మిషన్‌ని ముందుకి తోస్తున్నప్పుడు పట్టీ మీ ఎడమ చేతివైపు ఉండాలి. బిట్టు పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది, చెక్క దాన్ని ఎడమకి నెడుతుంది, అలా తనంతట తానే పట్టీకి ఒత్తుకుని పోతుంది. పట్టీ కుడివైపు పెట్టారా, మిషను పట్టీ వదిలి పక్కకి జారి, నున్నటి బోర్డు మీద పాము గీత గీస్తుంది. నా దానిలో అలాంటిది ఒకటుంది. లప్పం పెట్టి రంగేశాను, తెలిసినవాడికి కనబడుతుంది.

రెండో లేన్‌కి మళ్లీ పట్టీ బిగించొద్దు. ఇక్కడో చిట్కా. 5 మిల్లీమీటర్ల యాక్రిలిక్ ముక్క ఒకటి ట్రిమ్మర్ అడుగున స్క్రూలతో బిగించండి. బిట్టు నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్ల దూరంలో దానికి ఒక రంధ్రం వేసి, కొంచెం తక్కువ 3 మిల్లీమీటర్ల లావున్న ఇనుప మేకుని తల కోసేసి అందులో దిగ్గొట్టండి. ఆ మేకుని మొదటి గాడిలో దించి మిషన్ని నడిపిస్తే రెండో గాడి దాని పక్కనే, ఎక్కడా ఎక్కువ తక్కువ లేకుండా వస్తుంది. మిషను ఎప్పుడూ గాడికి అడ్డంగా, లంబంగా ఉండేలా పట్టుకోవాలి, పక్కకి ఒరిగితే దూరం తగ్గిపోతుంది. మేకుకి కాస్త కొవ్వొత్తి మైనం రాస్తే జారుతూ పోతుంది.

దుమ్ము విపరీతంగా వస్తుంది. జిగురు కలిసిన దుమ్ము, గొంతులో పట్టుకుంటుంది. ఆరుబయట చేయండి, మంచి మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి. కింద ఆరేసిన బట్టలుంటే ముందే తీయించండి, ఇది అనుభవంతో చెబుతున్నాను.

బ్రిడ్జి

1/32 కారు ఎత్తు నాలుగైదు సెంటీమీటర్లు. బ్రిడ్జి కింద 6 సెంటీమీటర్లకు పైగా ఖాళీ ఉండాలి, పై చెక్క మందం 12 మిల్లీమీటర్లు. అంటే మొత్తం 8 సెంటీమీటర్ల ఎత్తు తేడా. ఇదంతా పై దారే ఎక్కితే కొండ ఎక్కినట్టుంటుంది. అందుకని పై దారిని 4 లేపి, కింది దారిని 4 దించండి. 120 సెంటీమీటర్ల పొడవులో 4 సెంటీమీటర్లు అంటే ముప్పైకి ఒకటి, కారుకి తెలియనే తెలియదు.

ఎలాగంటే, గాళ్లు తీశాక ట్రాక్ రెండు అంచుల వెంబడి జిగ్‌సాతో 120 సెంటీమీటర్ల చొప్పున కోసేయండి. 12 మిల్లీమీటర్ల చెక్క ఆ పొడవులో మెల్లగా వంగుతుంది. పై దారి కింద చెక్క దిమ్మెలు పేర్చి లేపడం, కింది దారిని ఫ్రేముకి దించి బిగించడం. కానీ రెండు దారులు దాటుకునే చోట షీటు ఒక్కటే కదా, అది కింది దారికి పోతుంది. కాబట్టి పై దారి గాడిని ఆ కూడలికి రెండు పక్కలా ఆపేసి, మధ్యకి 60, 70 సెంటీమీటర్ల విడి ముక్క వేయాలి. రెండు అతుకుల కింద అల్యూమినియం పట్టీ పెట్టి అరాల్డైట్, స్క్రూలతో బిగించి, ఆ తర్వాతే ఆ ముక్క మీద గాడి కలపండి. శిఖరం దగ్గర వంపు గుండ్రంగా ఉండాలి. కోణంలా ఉంటే గైడ్ క్షణం పాటు పైకి లేస్తుంది, కరెంటు తెగుతుంది, కారు నత్తి కొట్టినట్టు పోతుంది.

రంగు

గాడి లోపలికి పల్చటి శాండింగ్ సీలర్ సన్న కుంచెతో పట్టించండి. మన ఊళ్లలో ఈ పని ఎగ్గొట్టకూడదు, తేమ లోపలికి పోయేది గాడిలోంచే. పైన ప్రైమరు, తర్వాత మెరుపు లేని బూడిదరంగు ఎమల్షన్ రోలరుతో రెండు కోట్లు. రోలరు వదిలే సన్న గరుకే టైర్లకి పట్టు. ఎవరో రంగులో సన్న ఇసుక కలపమన్నారు. వద్దు, టైర్లు వారానికి అరిగిపోతాయి. ఆరాక పాత హాక్సా బ్లేడుతో గాడిని ఒకసారి గీకి గడ్డకట్టిన రంగు తీసేయండి. సుజుకా అంచుల ఎరుపు తెలుపు పట్టీలు మాత్రం రాగి టేపు అంటించాకే వేయండి.

రాగి పట్టీ

6 మిల్లీమీటర్ల వెడల్పు, వెనక జిగురున్న కాపర్ టేపు. లెక్క: 13 మీటర్ల ల్యాపు, రెండు లేన్లు, లేన్‌కి రెండు పట్టీలు, మొత్తం 52 మీటర్లు. వృథాతో కలిపి 60 తీసుకోండి. గాడి అంచుకి ఆనించి అంటించాలి, కానీ గాడిలోకి మడవకూడదు. గైడ్ రాసుకుని చింపేస్తుంది.

మలుపుల్లో టేపుని బయటి అంచువైపు కాస్త లాగుతూ, లోపలి అంచున పడే ముడతల్ని వెంటనే నొక్కేయాలి. దీనికి నేను రకరకాలుగా ప్రయత్నించి చివరికి వంటింట్లోంచి ఉదయగిరి చెక్క గరిటె ఒకటి తెచ్చాను. దాని వెనక వంపు సరిగ్గా సరిపోయింది. ఇనుప చెంచా రాగిని గీరుతుంది, చెక్క గీరదు, ముడత మాత్రం అణిగిపోతుంది. గరిటె తిరిగి వంటింట్లోకి పోలేదు, దాని మీద ఇంట్లో ఇంకా కేసు నడుస్తోంది.

టేపుకి టేపు అతికేచోట పైన పెట్టి ఊరుకోవద్దు, జిగురు మీదుగా కరెంటు నమ్మకంగా పోదు. ఒక చుక్క సోల్డర్ వేసి, ఎమరీ పేపర్‌తో నున్నగా రుద్దండి. రెండు షీట్ల అతుకు దగ్గర టేపుని కోసేసి, కింద నుంచి వైరు, కనెక్టరుతో కలపండి.

వైరింగ్

35 మైక్రాన్ల మందమున్న ఈ టేపుకి మీటరుకి సుమారు 0.08 ఓం నిరోధం ఉంటుంది. వినడానికి తక్కువే, కానీ స్విచ్చు నుంచి దూరంగా ఉన్న స్పూన్ మలుపులో కారు నీరసించడానికి అది చాలు. అందుకే ప్రతి మూడు మీటర్లకి టేపు పక్కన రంధ్రం వేసి, కింద నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరుతో కరెంటు మళ్లీ అందించాలి. నాలుగుచోట్ల సరిపోయింది.

సప్లై: సీసీ కెమెరాలకి వాడే 12 వోల్టుల, 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్. రెండు లేన్లకి విడివిడిగా రెండుంటే మరీ మంచిది. లేదంటే ఒక కారు పడిపోయినప్పుడు రెండో కారు ఉలిక్కిపడి ముందుకి దూకడం, నాసిరకం సప్లైలతో, జరుగుతుంది. ఒక్కో లేన్‌కి ఆటో ఎలక్ట్రీషియన్ షాపులో దొరికే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. కరెంటు పోయినా ఆట ఆగకూడదంటే 12 వోల్టుల యూపీఎస్ బ్యాటరీ ఒకటి పక్కన ఉంచుకోండి, నేరుగా దాంతోనే ట్రాక్ నడుస్తుంది.

కంట్రోలర్ మూడు వైర్లది కొనండి. రెండు వైర్లవాటిలో బ్రేక్ ఉండదు. మామూలుగా తెల్ల వైరు సప్లై ప్లస్‌కి, నల్ల వైరు లేన్‌లో ఒక పట్టీకి, ఎర్ర వైరు రెండో పట్టీకి. ఆ రెండో పట్టీయే సప్లై మైనస్‌కి కూడా. ట్రిగ్గర్ వదలగానే నలుపు, ఎరుపు కలిసి రెండు పట్టీలూ షార్ట్ అవుతాయి. తిరుగుతున్న మోటారు ఆ క్షణంలో జనరేటరుగా మారి తనని తానే ఆపుకుంటుంది. అదే బ్రేక్. అన్ని కంపెనీలూ ఇవే రంగులు వాడకపోవచ్చు కాబట్టి మల్టీమీటర్‌తో చూడండి: వదిలినప్పుడు నలుపు-ఎరుపు, పూర్తిగా నొక్కినప్పుడు నలుపు-తెలుపు కలవాలి. కారు వెనక్కి పోతే ఆ లేన్ రెండు పట్టీల వైర్లు తారుమారు చేయండి.

మొదటి రోజు అందరూ కంగారుపడే సంగతి

దుకాణంలో కొన్న కారుని చెక్క ట్రాక్ మీద పెట్టి నొక్కగానే మొదటి మలుపులోనే ఎగిరిపోతుంది. ట్రాక్ తప్పు కాదు. ఆ కార్ల కింద అయస్కాంతం ఉంటుంది. ప్లాస్టిక్ ట్రాకుల్లో పట్టాలు ఉక్కువి కాబట్టి అది కారుని కిందికి లాగి పట్టుకుంటుంది. రాగికి అయస్కాంతం అంటదు. ఆ ముక్కని తీసేయండి, బదులుగా బరువు పెట్టండి. నేను మైపాడు నుంచి వలలకి కట్టే సీసం గుళ్లు తెచ్చి, సుత్తితో పలకలా కొట్టి, కారు అడుగున మధ్యకి, గైడ్‌కి కొంచెం వెనగ్గా రెండు వైపుల టేపుతో అంటించాను. 10 గ్రాములతో మొదలుపెట్టి 20 దాకా పెంచుకుంటూ చూడండి. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లల చేత కొట్టించొద్దు.

టైర్లు కూడా చూడండి. బోర్డు మీద ఎమరీ పేపర్ పెట్టి, కారు వెనక చక్రాల్ని తక్కువ వేగంతో దాని మీద తిప్పితే టైరు చదునవుతుంది. ఒక్క ఈ పనికే నా కారు ల్యాపుకి అర సెకను పైన తగ్గింది.

తుడవడం

సముద్రం దగ్గర రాగి ఊరికే నల్లబడుతుంది. మా అమ్మ ఒకరోజు మేడ మీదికొచ్చి చూసి, ‘ఏందిరా ఇంత కిలుం పట్టిచ్చినావు’ అని, నేను ఆఫీసు నుంచి వచ్చేలోపు మెయిన్ స్ట్రెయిట్ పొడవునా చింతపండు పులుసుతో పూజ చెంబు తోమినట్టు తోమేసింది. తళతళలాడింది. రెండు రోజులకి టేపు అంచులు లేచాయి, పచ్చటి చిలుం మళ్లీ పట్టింది, పక్కన రంగు ఊడింది. చింతపండు, నిమ్మకాయ, ఉప్పు దగ్గరికి రానీయకండి. పొడిగుడ్డ మీద కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి ఆడే ముందు ఓసారి తుడిస్తే చాలు. ఆడనప్పుడు మందపాటి గుడ్డ కప్పండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే కింద తేమ చేరుతుంది.

నాకు కార్లు కాకుండా మొత్తం 18,000 రూపాయలైంది, మేస్త్రి కూలీతో కలిపి.

అన్నీ అయ్యాక ఒక పరీక్ష చేయండి. ఒకే కారు, ఒకే మనిషి, ఒక్కో లేన్‌లో 20 ల్యాపులు. ఎనిమిది ఆకారమైతే రెండు సగటులూ దగ్గర దగ్గరగా రావాలి. రాకపోతే వెనకబడ్డ లేన్‌లో ఎక్కడో సోల్డరు సరిగ్గా కరగకుండా చల్లగా పడిందనో, కింద నుంచి కరెంటు అందించే వైరు వదులైందనో అర్థం. మల్టీమీటర్ పట్టుకుని టేపు వెంబడి నడవండి. నా బోర్డు మీద రెండు లేన్ల సగటు తేడా సెకనులో పదో వంతు కూడా లేదు. ఆ కాగితం మా మేనల్లుడికి చూపించాను. చూసి, ‘అయితే మామా, నాకు ఎర్ర లేనే ఇయ్యి’ అన్నాడు.